ఆల్కహాల్ ఆవిరి రాగి గొట్టానికి తగిలితే... ఆ వేడిని ఎలా కొలుస్తారు?

కడియం నుంచి మళ్ళీ నేనే. ఈసారి వీడియోలో నా వెనక పాలీహౌస్ కనిపించింది కదా, అది మా వీధి చివర నర్సరీది. తెల్లవారుజామున వెళ్ళి చూడండి, పైన పాలిథిన్ షీటు లోపలివైపు నీటి చుక్కలు వరసగా వేలాడుతూ ఉంటాయి. రాత్రంతా మొక్కలు వదిలిన ఆవిరి చల్లటి షీటుకు తగిలి నీరయింది. ఈ రోజు విషయం అదే, కాకపోతే నీటి ఆవిరి బదులు ఆల్కహాల్ ఆవిరి, పాలిథిన్ బదులు రాగి గొట్టం. ఆవిరి ద్రవంగా మారేటప్పుడు గొట్టానికి ఎంత వేడి ఇస్తోంది, దాన్ని మనం ఎలా కొలుస్తాం?

"మాకెందుకన్నయ్యా ఇదంతా" అనుకునేవాళ్ళు బండిలో పెట్రోలు కొట్టించుకునేటప్పుడు బంకులో బోర్డు చూడండి. ఇప్పుడు మనం కొనే పెట్రోలులో ఇథనాల్ ఉంది. 2025లో మన దేశం 20 శాతం కలిపే లక్ష్యాన్ని అందుకుంది. మనకు దగ్గర్లోనే, గోకవరం మండలం గుమ్మళ్ళదొడ్డిలో ఇథనాల్ ప్లాంటుకు 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, గోదావరి అవతల తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ ఉంది. చెరుకు నుంచి పంచదార, పంచదార తీశాక మిగిలిన మొలాసిస్ నుంచి ఆల్కహాల్. బియ్యపు నూకతో చేసినా, మొలాసిస్‌తో చేసినా, చివరికి ఆ ఇథనాల్ అంతా ఒకసారి ఆవిరై, ఏదో ఒక చల్లటి గొట్టం మీద మళ్ళీ ద్రవం అవ్వాల్సిందే.

ఎంత వేడి అంటారా? కిలో ఇథనాల్ ఆవిరి ద్రవం అయ్యేటప్పుడు దాదాపు 846 కిలోజౌళ్ళు వదులుతుంది. చిన్న క్లాసుల్లో చదివిన గుప్తోష్ణం అదే. లీటరు లెక్కన చూస్తే 670 కిలోజౌళ్ళు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెను 11 నిమిషాలు ఆపకుండా కాలిస్తే వచ్చే వేడి. రోజుకు లక్ష లీటర్లు తీసే ప్లాంటు అనుకోండి, ఇలాంటి ఇస్త్రీపెట్టెలు 770 పైచిలుకు రాత్రింబవళ్ళు వెలుగుతున్నట్టే. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే డిస్టిలేషన్ కాలమ్‌లో చల్లార్చిన దాంట్లో కొంత మళ్ళీ లోపలికి పంపుతారు. ఈ వేడి మొత్తాన్ని గొట్టాల్లో పారే నీళ్ళు మోసుకుపోవాలి. గొట్టం ఎంత పొడుగు వెయ్యాలి? చిన్నది వేస్తే ఆవిరి చల్లారకుండా బయటికొస్తుంది. ఆల్కహాల్ ఆవిరి బయటికి రావడం అంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు. పెద్దది వేస్తే డబ్బు దండగ. అందుకే కొలవాలి.

సరే, గొట్టం మీద అసలేం జరుగుతుందో చూద్దాం. ఆవిరి చల్లటి గొట్టాన్ని తాకగానే ద్రవమై, గొట్టం చుట్టూ పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర కిందికి జారి, గొట్టం అడుగు నుంచి చుక్కలుగా రాలిపోతుంది. తర్వాత వచ్చే ఆవిరికి ఇక గొట్టం తగలదు, ఈ పొరే తగులుతుంది. అంటే వేడి లోపలికి పోవాలంటే పొరను దాటుకుని పోవాలి. తాను చేసిన ద్రవమే తన వేడికి అడ్డం. ఈ సంగతిని లెక్కలో పెట్టింది విల్‌హెల్మ్ నుస్సెల్ట్ అనే జర్మన్ ఇంజనీరు, 1916లో. పొర నున్నగా జారుతుంది, ఆవిరి కదలకుండా ఉంది, వేడి పొరలోంచి కేవలం వాహకత్వం వల్లే పోతుంది అనుకుని ఒక సూత్రం రాశాడు. నూరేళ్ళు దాటినా ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ అదే చెప్తారు.

ఆ సూత్రంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. 19 మిల్లీమీటర్ల గొట్టం అడ్డంగా పెట్టామనుకోండి. ఆవిరికీ గొట్టం పైతలానికీ తేడా 10 డిగ్రీలు. నీటి ఆవిరి అయితే చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు, సుమారు 13,000 వాట్లు పోతాయి. ఇథనాల్ అయితే 2,700 దగ్గర. దాదాపు 5 రెట్లు తక్కువ. ఇథనాల్ పొర మందంగా ఉంటుందేమో, అందుకే తక్కువేమో అనుకున్నాను నేను మొదట. లెక్కేసి చూస్తే రెండు పొరలూ ఇంచుమించు ఒకే మందం! నీటిది 50 మైక్రాన్లు, ఇథనాల్‌ది 57. మన తల వెంట్రుక కంటే కాస్త సన్నం. మరి తేడా ఎక్కడ? ద్రవ ఇథనాల్ గుండా వేడి నడవడమే కష్టం. దాని ఉష్ణవాహకత నీటి దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. గుప్తోష్ణం కూడా తక్కువే, కానీ అది నాలుగో మూలం లోపల ఇరుక్కుపోవడం వల్ల దాని ప్రభావం అంతగా కనబడదు.

నాలుగో మూలం అన్నాను కదా, అది ఇంజనీర్ల పాలిట దేవుడు. స్నిగ్ధత విలువలో 20 శాతం తప్పు చేసినా జవాబులో తప్పు 5 శాతం దగ్గరే. థియరీ ఇంత క్షమిస్తుంది. ప్రయోగం క్షమించదు.

ప్రయోగం ఎలా ఉంటుందో చెప్తాను. ఒక పెద్ద గాజు లేదా స్టీలు షెల్, దాని మధ్యలోంచి అడ్డంగా రాగి గొట్టం. మా కాలేజీ ల్యాబులో ఉన్నది 60 సెంటీమీటర్ల పొడుగు. కింద బాయిలర్లో ఆల్కహాల్ మరిగి, 78 డిగ్రీల దగ్గర ఆవిరై షెల్‌లోకి వస్తుంది. గొట్టం లోపల చల్లటి నీళ్ళు పారతాయి. ఇప్పుడు వేడిని రెండు ఖాతాల్లో రాయాలి. మొదటి ఖాతా నీళ్ళది: నిమిషానికి ఎన్ని లీటర్లు, లోపలికి ఎన్ని డిగ్రీలతో వెళ్ళాయి, బయటికి ఎన్ని డిగ్రీలతో వచ్చాయి. రెండో ఖాతా ఆల్కహాల్‌ది: నిమిషానికి ఎన్ని గ్రాములు ద్రవం అయింది, దాన్ని గుప్తోష్ణంతో హెచ్చించడం. కొట్లో చిట్టా, ఆవర్జా సరిచూసుకున్నట్టు ఈ రెండూ సరిపోవాలి.

మొదటి ఖాతాలో ఒక ఉచ్చు ఉంది. నిమిషానికి 12 లీటర్ల నీళ్ళు పంపితే, వేడి దాదాపు 2,200 వాట్లు పోతుందనుకోండి, నీళ్ళు వేడెక్కేది ఎంత? కేవలం 2.6 డిగ్రీలు. మన థర్మామీటరు అర డిగ్రీ అటూ ఇటూ చూపించే రకం. ఒకటి అర డిగ్రీ ఎక్కువ, ఇంకోటి అర డిగ్రీ తక్కువ చూపిస్తే 2.6 కాస్తా 1.6 అవుతుంది, లేదా 3.6. వంద రూపాయల సరుకు తూచేటప్పుడు తక్కెడే నలభై రూపాయల తప్పు చూపించినట్టు. దీనికి పెద్ద ఖర్చు లేని మందు ఉంది. మొదలుపెట్టే ముందు రెండు థర్మామీటర్లనూ ఒకే బకెట్ నీళ్ళలో పెట్టండి. ఒకటి 30.2, ఇంకోటి 30.6 చూపిస్తే ఆ 0.4 తేడా రాసుకుని ప్రతి రీడింగులోనూ సవరించుకోండి. మనకు కావాల్సింది అసలు ఉష్ణోగ్రత కాదు, తేడా. ఇంత చిన్న పని ఎంతమంది చేస్తారో మీ ల్యాబులో గమనించండి.

రెండో ఖాతా తేలిక. అదే 2,200 వాట్లకు నిమిషానికి 155 గ్రాముల ఆల్కహాల్ దిగుతుంది. మూత ఉన్న సీసాలో పట్టి కాటా మీద పెడితే చాలు. అయితే షెల్ గోడ కూడా చల్లగానే ఉంటుంది కదా, దాని మీద కూడా కొంత ఆవిరి ద్రవమై అదే సీసాలో పడుతుంది. గొట్టం చెయ్యని పని గొట్టం ఖాతాలో పడిందన్నమాట. అందుకే షెల్‌కు బయట గ్లాస్‌వూల్ చుడతారు, లేదా గొట్టం కింద వేరే దోనె పెట్టి, గొట్టం నుంచి రాలింది మాత్రమే పడతారు.

వేడి తెలిసింది. ఇప్పుడు ఆ వేడికి పొర ఎంత అడ్డుపడిందో విడిగా తెలియాలి. ఎందుకంటే దారిలో ఇంకా అడ్డంకులున్నాయి, లోపల నీళ్ళ వైపు ఒకటి, గొట్టం గోడ ఒకటి. దీనికి 1915లో విల్సన్ అనే ఆయన చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడతారు. కడియం నుంచి రాజమండ్రి వెళ్తున్నారనుకోండి. దారిలో రైల్వే గేటు పడింది. మొత్తం ప్రయాణం టైము అంటే గేటు దగ్గర ఆగిన టైము, రోడ్డు మీద నడిపిన టైము కలిపి. బండి వేగం పెంచే కొద్దీ రోడ్డు టైము తగ్గుతుంది, గేటు టైము తగ్గదు. వేరువేరు వేగాలతో వెళ్ళి, టైములన్నీ గ్రాఫు మీద పెట్టి, వేగం అనంతం అయితే ఎంత పడుతుందని గీతను పొడిగిస్తే మిగిలేది గేటు టైమే. ఇక్కడ రోడ్డు అంటే గొట్టం లోపలి నీళ్ళు, గేటు అంటే ఆల్కహాల్ పొర. నీళ్ళ వేగం మారుస్తూ పోతాం. నీళ్ళ వైపు అడ్డంకి వేగం 0.8 ఘాతానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి అడ్డం అక్షం మీద దాన్ని, నిలువు అక్షం మీద మొత్తం అడ్డంకిని పెడితే ఇంచుమించు సరళరేఖ వస్తుంది. అది నిలువు అక్షాన్ని ఎక్కడ కోస్తే అక్కడే పొర అడ్డంకి. రాగి గోడ అడ్డంకి ఒక శాతం కూడా ఉండదు, వదిలెయ్యొచ్చు. కానీ గొట్టం లోపల బోరు నీళ్ళ తెల్లటి పాచు పేరుకుని ఉంటే, అదీ గేటు ఖాతాలోకే వచ్చేస్తుంది. తప్పు పాచుది, నింద ఆల్కహాల్‌ది. ఇంకో చిన్న లోపం, నీళ్ళ వేగం మారితే గొట్టం చల్లదనం మారి పొర కూడా కొంచెం మారుతుంది. జాగ్రత్తగా చేసేవాళ్ళు దానికీ సవరణ వేస్తారు.

ఇప్పుడు నా సొంత కథ. ఫైనలియర్లో ముగ్గురం కలిసి ఈ ప్రయోగం చేశాం. థియరీ ప్రకారం 2,000 దగ్గర రావాలి. మాకు 900 వచ్చింది. మళ్ళీ చేశాం, మళ్ళీ 900. సీసాలో నిమిషానికి 85 గ్రాములు, నీళ్ళు వేడెక్కింది 1.4 డిగ్రీలు. రెండు ఖాతాలూ చక్కగా సరిపోతున్నాయి, అంటే కొలవడంలో తప్పు లేదు. కానీ జవాబు సగం కంటే తక్కువ. సీనియర్ల రికార్డు తెచ్చి చూస్తే ప్రతి రీడింగూ థియరీకి 5 శాతం లోపల ఉంది. వాళ్ళకంటే ముందు బ్యాచ్ రికార్డు చూస్తే అందులోనూ అవే అంకెలు. పాయింటు తర్వాత మూడో అంకెతో సహా. మా ఫ్రెండు ఒకడు అప్పటికే పెన్ను తీశాడు, "దించేద్దాంరా, రేపు సబ్‌మిషన్" అని. నిజం చెప్తున్నా, నేనూ సగం ఒప్పుకున్నాను.

ఆపింది ల్యాబు అటెండరు గారు. ఆయన్ని మేం బాబాయ్ అని పిలిచేవాళ్ళం. "గాలి పోయిందా బాబూ?" అన్నాడు. పోయింది బాబాయ్, కింద కాక్ తిప్పి ఐదు నిమిషాలు వదిలాం అన్నాం. ఆయన నవ్వి, "అది స్టీముకి చేసిన సామానురా. కింద నుంచి వదిలితే మీ స్పిరిట్టే పోద్ది, గాలి పోదు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు అరగంట పట్టింది. మామూలు గాలి అణుభారం సగటున 29. నీటి ఆవిరిది 18. అంటే స్టీములో గాలి బరువు, కిందికి దిగుతుంది, అందుకే కాక్ కింద పెట్టారు. ఇథనాల్ అణుభారం 46! అదే 78 డిగ్రీల దగ్గర ఇథనాల్ ఆవిరి ఘనపు మీటరుకు 1.6 కిలోలు ఉంటే, గాలి ఒక కిలో మాత్రమే. ఇక్కడ గాలి తేలిక, పైకి పోయి కూర్చుంటుంది. మేం కింద కాక్ తిప్పినంతసేపూ ఆల్కహాల్ పారబోసి, గాలిని భద్రంగా దాచుకున్నాం.

గాలి కొంచెం ఉంటే ఏమవుతుందని అనుకోకండి. 1929లో డొనాల్డ్ ఆత్మర్ అనే అమెరికన్ ఇంజనీరు స్టీముతో చేసి చూపించాడు, గాలి అర శాతం ఉన్నా వేడి బదిలీ సగానికి సగం పడిపోతుంది. ఆవిరి గొట్టం వైపు వెళ్ళి ద్రవమైపోతుంది. దాంతోపాటు వచ్చిన గాలి ద్రవం కాలేక, వెనక్కీ పోలేక, గొట్టం చుట్టూ గుమిగూడుతుంది. తర్వాత వచ్చే ఆవిరి ఆ గుంపును తోసుకుంటూ రావాలి, తిరునాళ్ళలో గుడి గుమ్మం దగ్గర లాగ.

షెల్ పైన వాడని థర్మామీటరు గుంట ఒకటి ఉంది, బిరడా కొట్టేసి. సారుకి చెప్పి, పర్మిషన్ తీసుకుని, దానికి కాక్ బిగించి, గొట్టం ఐసు ట్రాప్ గుండా కిటికీ బయటికి పెట్టాం. మళ్ళీ నడిపితే 1,850 వచ్చింది. అదే గొట్టం, అదే బాయిలరు, అదే మేం. థియరీకి 7, 8 శాతం తక్కువ. దాన్ని అలాగే రాశాం, 900 రీడింగులు కూడా కొట్టెయ్యకుండా పక్కన ఉంచి, ఎందుకొచ్చాయో రాశాం. వైవాలో మొదటి ప్రశ్న ఏమొచ్చిందో తెలుసా? "సీనియర్లకు 5 శాతంలో వచ్చింది, మీకెందుకు రాలేదు?" నేను బోర్డు మీద 18, 29, 46 అని మూడు అంకెలు రాశాను. ఆయన కాసేపు చూసి, మా ముందు బ్యాచ్ రికార్డులు తెప్పించమన్నారు. మార్కులు మామూలుగానే వచ్చాయి లెండి. తర్వాతి ఏడాది ఆ కాక్ పర్మినెంటుగా వెల్డింగ్ చేయించారని విన్నాను.

మన ఊరి సంగతి ఒకటి చెప్పకపోతే ఈ టాపిక్ పూర్తవదు. పుస్తకాల్లో ఉదాహరణ లెక్కలు చూడండి, చల్లటి నీళ్ళు 15 డిగ్రీలు అని ఉంటుంది. మన గోదావరి జిల్లాలో 15 డిగ్రీల నీళ్ళు ఎక్కడున్నాయండీ? ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళయినా ఎండాకాలం 30 దాటి ఉంటాయి. మేడ మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేం. ఆవిరి 78 దగ్గర ఉంటే, పుస్తకంలో తేడా 63 డిగ్రీలు, మనకు 32 డిగ్రీల నీళ్ళతో 46 మాత్రమే. అదే పని చెయ్యడానికి గొట్టం దాదాపు మూడో వంతు ఎక్కువ కావాలి. చలిదేశంలో డిజైన్ చేసిన కండెన్సరును యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే మే నెలలో చేతులెత్తేస్తుంది. ప్రయోగం కూడా అంతే, ఉదయం ఏడింటికి చేసిందీ మధ్యాహ్నం రెండింటికి చేసిందీ పోల్చకూడదు, నీళ్ళ ఉష్ణోగ్రత రాయకుండా.

థియరీ అక్కడే ఆగిపోలేదు. ఆవిరి నిలకడగా లేకుండా వేగంగా వీస్తుంటే పొర అల్లకల్లోలం అవుతుంది, నుస్సెల్ట్ సూత్రం చాలదు. దాని మీద పనిచేసినవాళ్ళలో మన విశాఖపట్నం ప్రొఫెసర్ పి.కె.శర్మ గారు ఉన్నారు. వేగంగా వీచే ఆవిరి అడ్డం గొట్టం మీద ద్రవమయ్యే విషయంపై ఆయనా సహచరులూ రాసిన పేపరు 1998లో అంతర్జాతీయ జర్నల్లో వచ్చింది. అందులో ఒక సహరచయిత మ్యూనిక్ ప్రొఫెసర్ మయింగర్. నుస్సెల్ట్ 1925 నుంచి 1952 దాకా పాఠం చెప్పింది ఆ మ్యూనిక్‌లోనే. ఇంకో వింత, నీటి ఆవిరిలో ఇథనాల్ చాలా కొద్దిగా, ఒక శాతం లాంటిది కలిస్తే, పొర పొరలా ఉండక చుక్కలుగా విడిపోతుంది, వేడి బదిలీ కొన్ని రెట్లు పెరుగుతుంది. జపాన్‌లో యొకొహామాకు చెందిన ఉటాకా బృందం దీన్ని బాగా కొలిచింది. తలతన్యతలో తేడాల ఆట అది, దాని మీద వేరే ఎపిసోడ్ చెయ్యాలి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. ఇది ఇంట్లో చేసేది కాదు. ఇథనాల్ 13 డిగ్రీల దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన ఊళ్ళో చలికాలంలో కూడా గది అంతకంటే వెచ్చగానే ఉంటుంది. పైగా ఇందాక చెప్పినట్టు ఆవిరి బరువు, నేల మీద పాకుతూ పోయి పక్కగదిలో పొయ్యిని వెతుక్కుంటుంది. ల్యాబులో కూడా స్టీము కాయిల్‌తోనే మరిగిస్తారు, మంట దగ్గరికి రానివ్వరు.

ఇంట్లో చెయ్యాలనిపిస్తే మజ్జిగతో చెయ్యండి. స్టీలు గ్లాసులో ఐసు వేసిన మజ్జిగ, వంటింటి డిజిటల్ కాటా. గ్లాసును కాటా మీద పెట్టి, ఫోనులో టైమరు వేసుకుని, ఐదేసి నిమిషాలకు బరువు రాసుకోండి. బయట పట్టిన చెమ్మ వల్ల బరువు పెరుగుతూ ఉంటుంది. 5 గ్రాములు పెరిగిందంటే ఆ చెమ్మ మీ మజ్జిగకు 12 కిలోజౌళ్ళ వేడి ఇచ్చినట్టు, పావు లీటరును 11, 12 డిగ్రీలు వేడెక్కించేంత. అదే ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగిలితే క్షణంలో బొబ్బ లేస్తుంది. ఇది ఎందుకంత నెమ్మది, అది ఎందుకంత వేగం? గ్లాసు చుట్టూ ఉన్నది దాదాపు అంతా గాలే, ఇడ్లీపాత్రలో గాలి దాదాపు లేదు. మా 900కీ 1,850కీ మధ్య ఉన్న తేడాయే అది.

గ్రాఫు గీసి ఫోటో తీసి పెట్టుకోండి, వచ్చే ఎపిసోడ్‌లో కడియపులంక పూలు తడి గోనెలో ఎందుకు చల్లగా ఉంటాయో చూసేటప్పుడు అది పనికొస్తుంది. ఉంటానండి.